నాలుగో గుర్తు దాకా

ముందుగా మన్నించాలి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇంకా చేతికి పట్టుబడలేదు. దీర్ఘాలు ఒకసారి ఉంటాయి, ఒకసారి ఎగిరిపోతాయి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టిన చెయ్యి ఇది. ఒక్క వాక్యం పూర్తయ్యేలోగా పొయ్యి మీద నీళ్ళు రెండుసార్లు మరుగుతాయి. అందుకని మీరూ నిదానంగా చదవండి. నేను, నేను అని రాస్తుంటే ఎవరి ముందో చేతులు కట్టుకుని నిలబడినట్టుంది, కాబట్టి ఆమె అని రాస్తాను. ఆమె సంగతి నాకు బాగా తెలుసు.

అడవి గార్డు ఆ కాగితం తెచ్చేసరికి ఆమె కెటిల్ తోముతోంది.

"పిన్నీ, కింద చుక్కలు పెట్టిన చోట సంతకం. డాక్టరుగారు ఆఫీసరమ్మను తీసుకుని ఎనిమిదిన్నరకల్లా ఇక్కడికి వస్తారు. రాగానే చేతిలో పెట్టెయ్యాలి."

"ఏం రాశారయ్యా ఇందులో?"

"మంచే రాశారులే. బాబాయి గురించి. రాయి కూడా చెక్కించారుగా, చూశావు."

"రాయి చూశాను. కాగితం సంగతి అడుగుతున్నా."

"నీకు చదువు నేర్పిన ఆ నర్సమ్మను అనాలి," అని నవ్వుకుంటూ అతను కిందికి దిగిపోయాడు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని గది ముందున్న బల్లరాయి మీద కూర్చుంది. ఆమెకు చదవడానికి వేలు కావాలి, వేలు అక్షరం వెంట నడవాలి, అక్షరం దగ్గర వేలు ఆగితే లోకం కూడా ఆగాలి. కీర్తిశేషులు కొండచెవి గారి భార్యనైన నేను ధ్రువీకరించునదేమనగా. ఆ ధ్రువీకరించు దగ్గర వేలు మూడుసార్లు వెనక్కి నడిచింది. నోటితో ఎవరూ అనని మాటలన్నీ కాగితాల మీదే కాపురం ఎందుకు పెడతాయో. నా భర్త పంతొమ్మిది సంవత్సరముల పాటు, నెలకు రెండు పర్యాయములు, సముద్రపు ఒడ్డున గల మొదటి గుర్తు మొదలుకొని శిఖరమున గల పన్నెండవ గుర్తు వరకు స్వయముగా ఎక్కి, ప్రతి గుర్తు వద్ద పది నిమిషములు నిలిచి, పక్షులను లెక్కించెనని. లెక్కించెనట. స్వయముగా ఎక్కెనట. ఆమెకు నవ్వొచ్చింది, అది నవ్వు కూడా కాదు, ముక్కులోంచి వచ్చిన గాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మనిషికి ఆమె సమాధానం ఆ గాలే.

కింద ఎక్కడో పిగిలిపిట్టలు గోల పెట్టి ఒక్కసారిగా ఊరుకున్నాయి. అంటే వాళ్ళు మొదటి గుర్తు దగ్గర ఉన్నారన్నమాట. ఇక్కడ కూర్చుంటే గడియారం అక్కర్లేదు, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో పిట్టలే చెప్తాయి. కొండ పొడుగునా పన్నెండు చెట్లు, చెట్టుకో ఎర్రరంగు అంకె, ఒడ్డు నుంచి శిఖరం దాకా. ఒక్కో చెట్టు కింద పది నిమిషాలు నోరు మూసుకుని నిలబడి, వినిపించిన పిట్టల్ని కాగితం మీద రాసుకోవడం పని. అంతే పని. దానికి ఎంత పెద్ద పేరు పెట్టారో డాక్టరు ఒకసారి చెప్పాడు, చెప్పడానికే ఆయనకు రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఏడాదికి పది రోజులు వచ్చేవాడు పిట్టల డాక్టరు. జేబులు లెక్కపెట్టలేనన్ని ఉన్న చొక్కా, మెడలో దుర్భిణి, కాళ్ళకు మోకాళ్ళ దాకా బూట్లు. ఆ బూట్లు ఇవాళ్టి దాకా రెండో గుర్తు దాటిన పాపాన పోలేదు. రెండో గుర్తు దగ్గర సముద్రం బాగా కనపడుతుంది, ఫోటోలో డాక్టరు వెనక బాగా పడుతుంది, అక్కడితో ఆయనకు కొండ అయిపోయేది. "నువ్వుండగా నేనెందుకయ్యా, ఈ కొండకి చెవులంటూ ఉంటే అవి నీవే," అనేవాడు. ఆ మాటకే ఆమె మొగుడు వారం రోజులు నేల మీద నడిచేవాడు కాదు. కొండ మీదా నడిచేవాడు కాదు, అది వేరే సంగతి.

చెవులు మాత్రం నిజమే. అదే ఆమె కడుపుమంట. కళ్ళు మూసుకుని ఇదే బల్లరాయి మీద కూర్చుంటే చాలు, ఎడమ కొమ్మ మీద రెండు, వాగు అవతల ఒకటి, అది కూడా ఆడది, అని చెప్పగలిగేవాడు. ఆమె వెళ్ళి చూస్తే అంతే ఉండేవి. అలాంటి చెవులు ఇచ్చిన దేవుడు వాటి కింద మోకాలు పెట్టేటప్పుడు పరధ్యానంగా ఉన్నాడు. కాదు, దేవుణ్ణి ఎందుకు అనడం, మోకాలు బాగానే ఇచ్చాడు. పని మొదలైన రెండో ఏడు, వర్షాలు వెనకబట్టిన రోజుల్లో, డాక్టరు పంపిన ఇనప పెట్టె భుజాన పెట్టుకుని ఎక్కుతూ తొమ్మిదో గుర్తు దగ్గర జారాడు. పెట్టెకు ఏమీ కాలేదు. డాక్టరు తర్వాత ఫోనులో అడిగింది కూడా పెట్టె గురించే. పాక్కుంటూ దిగొచ్చిన మనిషి మోకాలు ఆ రాత్రికి గుమ్మడికాయంత అయింది. "డాక్టరుకు చెప్పు," అంది ఆమె. "చెప్తే పని పోతుందే, కుంటివాణ్ణి కొండకెవడు పెట్టుకుంటాడు," అన్నాడు. సరే, అది భయం, భయాన్ని ఆమె క్షమించగలదు. క్షమించలేనిది ఆ తర్వాత వచ్చిన తెలివి.

ఆ తెలివి ఏమిటంటే వడ్డన. నాలుగో గుర్తు దాకా మెల్లగా వచ్చేవాడు, వచ్చి ఈ రాయి మీద కూర్చునేవాడు, కూర్చున్నచోటే పన్నెండు కాగితాలూ నింపేవాడు. ఇక్కడ వినిపించిన పిట్టల్ని తీసి ఒకటో గుర్తుకు నాలుగు, రెండుకు ఐదు, మూడుకు ఆరు, ముందు పంక్తిలో కూర్చున్నవాళ్ళకి గరిటె నిండా పెట్టినట్టు పెట్టేవాడు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఈయన వడ్డనలో కడపంక్తికి ఉత్త విస్తరే. ఐదు నుంచి పన్నెండు దాకా సున్నా, సున్నా, సున్నా. మధ్యాహ్నం డబ్బా తెచ్చి ఇచ్చి ఆమె పక్కన నిలబడేది. "పైన ఏమున్నాయట?" "చలి ఉంది. చలిలో ఏ పిట్ట ఉంటుందే?" "వెళ్ళి చూశావా?" "చూడటానికేముంది, బుద్ధుంటే చాలు." బుద్ధి! మోకాలికీ బట్టతలకూ ముడిపెట్టడం విన్నాం గానీ, మోకాలికీ పిట్టలకూ ముడిపెట్టిన మహానుభావుడు ఈయనొక్కడే. అప్పట్లో ఆమెకు అది ఉత్త హాజరుపట్టీ అనుకోవడమే తెలుసు. వచ్చావా, వచ్చాను, ఇదిగో కాగితం. ఎవరైనా ఆ అంకెల్ని నిజంగా చదువుతారని, వాటిని నమ్మి తలలూపుతారని ఆమెకు తట్టలేదు. తట్టలేదా. తట్టినా పక్కకు జరిపిందా. పదిహేడేళ్ళు డబ్బా మోసిన మనిషికి ఇంకొకర్ని అనే నోరు ఎక్కడిది, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని తనకు తాను చెప్పుకున్న రోజులెన్ని.

దగ్గు వినిపించింది. డాక్టరు దగ్గే, మూడు దగ్గులు, ఒక ఖాళీ, మళ్ళీ మూడు. రెండో గుర్తు. ఫోటో దిగుతుంటారు. ఆఫీసరమ్మ కూడా దిగుతుంది పాపం, ఆవిడ అడవి ఆఫీసుకు కొత్తగా వచ్చిన మనిషి. ఆవిడ సంతకంతోనే ఇవాళ సంగతి తేలాలి. డాక్టరు ఆవిడకు చెప్పింది ఇది, నిన్న కింద ఆమె టీ కెటిల్ పట్టుకుని పక్కన నిలబడి విన్నదే: పదిహేడేళ్ళ పాటు కింద కిక్కిరిసి ఉన్న కుంకుడుపిట్ట ఇప్పుడు కింద రెండూ మూడూ మిగిలింది, పైన ఒక్కటి కూడా లేనిది ఇప్పుడు పన్నెండో గుర్తు దాకా ఉంది, కాబట్టి ఎండలు ముదిరి పిట్టలు కొండెక్కాయి. "కింది అడవి ఖాళీ పంజరం, మేడమ్. దాన్ని పట్టుకుని వేళ్ళాడటం దండగ. పైభాగం చుట్టూ గట్టిగా కంచె వేద్దాం, కిందిది వదిలేద్దాం." వదిలేస్తే రోడ్డు వస్తుంది, సముద్రం కనపడే హోటలు వస్తుంది, ఒకటి నుంచి నాలుగు దాకా చెట్లు పోతాయి. ఆఫీసు వాళ్ళకు ఒక్కటే సందేహం. పాత లెక్కలు రాసిన మనిషి నిజంగా పైదాకా వెళ్ళాడా? వెళ్ళాడని చెప్పగల ప్రాణం ఒక్కటే మిగిలి ఉంది, అది ఈ రాయి మీద కూర్చుని ఉంది, వేలు ఇంకా లెక్కించెనని దగ్గరే ఉంది.

కుంకుడుపిట్ట అంటే కుంకుడు గింజే, అంత నలుపు, అంత మెరుపు, కాళ్ళొచ్చి ఎగిరితే ఎలా ఉంటుందో అలా. దాని కూత ఛీ, ఛీఛీ. లోకంలో దేన్ని చూసినా అదే మాట. ఆమెకు ఆ పిట్ట మొదటి నుంచీ నచ్చింది. నాలుగేళ్ళ కిందట మొగుడు పోయాక డాక్టరు మనిషి బదులు పెట్టెలు తెప్పించాడు, చెట్టుకొకటి, పన్నెండు చెట్లకు పన్నెండు, కూతల్ని అవే పట్టి దాచుకుంటాయట. పెట్టెకి మోకాలు ఉండదు, మొహమాటం ఉండదు, చలిలో ఏముంటుందని బుద్ధి ఉపయోగించదు. వాటికి పదిహేను రోజులకోసారి బ్యాటరీలు మార్చే పని ఆమెకు ఇచ్చారు, ఈ గది కూడా అందుకే ఉండనిచ్చారు. సంచి భుజాన వేసుకుని మొదటిసారి తొమ్మిదో గుర్తు దాటిన రోజున మంచు దట్టంగా పట్టి ఉంది, తన చెయ్యి తనకే సగం కనపడుతోంది, ఆ మంచులోంచి చెవి పక్కనే వినిపించింది, ఛీ, ఛీఛీ. పదో గుర్తు దగ్గర ఇంకొకటి. పన్నెండో గుర్తు దగ్గర, గాలికి చెట్లు కూడా నడుము వంచుకుని నిలబడే చోట, మూడు. కొండ మీద కూర్చుని ఎవరో తన మొగుణ్ణి పేరుపెట్టి తిడుతున్నట్టు అనిపించి ఆమె గట్టిగానే నవ్వింది. ఇన్నాళ్ళూ వీళ్ళు ఇక్కడే ఉన్నారు. ఎక్కి రాలేదు, దిగి పోలేదు. డాక్టరు మాత్రం పెట్టెల్లోది విని ఎగిరి గంతేశాడు, పెద్ద పెద్ద సభల్లో తెర మీద గీతలు గీసి చూపించాడు, కింది గీత కిందికి, పై గీత పైకి. ఆ గీతలో వంపు కొండది కాదయ్యా, మోకాలిది. ఒకసారి చెప్పబోయింది కూడా. "డాక్టరుగారూ, ఆయన మోకాలు..." అనేలోగా ఆయన ఫోనులోంచి తలెత్తకుండా, "ఆయన మోకాళ్ళకి మొక్కాలి పిన్నీ," అన్నాడు. వినడం మీద పుస్తకాలు రాసిన మనిషి. శంఖంలో పోస్తేనే తీర్థం అన్నట్టు, అంకెల్లో పోస్తే తప్ప ఆయన చెవికి ఏదీ ఎక్కదు.

అంకెలు ఆమె దగ్గర ఉన్నాయి. కార్బన్ పెట్టి రాసిన రెండో కాపీలన్నీ మొగుడు రేకుపెట్టెలో దాచేవాడు, ఏదో తాళపత్రాలన్నట్టు. కింద ఆసుపత్రిలో నర్సమ్మ మధ్యాహ్నాలు అక్షరాలు నేర్పుతానన్నప్పుడు రాసుకోవడానికి కాగితం ఎక్కడిదని, ఆ కాపీల వెనకవైపు తెల్లగా ఉంటే వాటినే పట్టుకెళ్ళింది. మూడు నెలలు వెనకవైపు అ ఆలు దిద్దింది. నాలుగో నెలలో తిప్పి ముందువైపు చదివింది. చదువు నేర్చుకుని మొట్టమొదట చదివింది మొగుడి అబద్ధం. చెట్లు వేళ్ళతో సహా లేచిపోయిన ఆ పెద్ద గాలివాన రోజు, ఆయన మంచం కింద దూరి చెవులు మూసుకుని పడుకున్న ఆ రోజు తారీఖుతో ఒక కాగితం. పన్నెండు గుర్తులూ నింపి ఉన్నాయి. ఆకాశం: నిర్మలం. గాలి: లేదు. "మీ ఆయనకి హాస్యం ఎక్కువే," అంది నర్సమ్మ, చదివి కళ్ళు తుడుచుకుంటూ. ఆమె నవ్వలేదు. ముక్కులోంచి గాలి కూడా రాలేదు. చదువు రాకపోవడం ఎంత హాయో, వచ్చాక గానీ తెలియదు.

కానీ రేకుపెట్టె అడుగున ఇంకో కట్ట ఉంది, మొదటి రెండేళ్ళవి. డాక్టరు వాటిని గీతల్లో కలపలేదు. "అవి నేర్చుకునే రోజుల లెక్కలు, నమ్మడానికి లేదు," అని పక్కన పెట్టేశాడు. ఆ కట్టలో కింద గుర్తులకు రెండూ మూడూ, ఇప్పుడు పెట్టెలు చెప్తున్నట్టే. పై గుర్తులకూ రెండు, ఒకటి, మూడు, ఇప్పుడు పెట్టెలు చెప్తున్నట్టే. నిజం రాసిన రెండేళ్ళు చెత్తబుట్టలోకి, కూర్చుని రాసిన పదిహేడేళ్ళు సభలోకి. ఆ కట్టలో చిట్టచివరి కాగితం మీద బురద. తొమ్మిదో గుర్తు దాకా అంకెలున్నాయి, ఆ తర్వాత పది, పదకొండు, పన్నెండు ఖాళీ. సున్నా కాదు, ఖాళీ. ఆ తేడా ఆమెకు తెలియడానికి ఒక రోజంతా పట్టింది. వెళ్ళి, నిలబడి, విని, ఏమీ వినపడకపోతే సున్నా. వెళ్ళకపోతే ఖాళీ. మోకాలు విరిగి పాక్కుంటూ దిగినవాడు ఆ రోజు మాత్రం ఖాళీగానే వదిలాడు. ఆ తర్వాతి కాగితంలో, ఖాళీలు కనపడితే అడుగుతారని, ఒక్కో ఖాళీలో ఒక చిన్న గుండ్రం గీశాడు. అంతే చేశాడు. దొంగతనం కూడా పూర్తిగా చేతకాని మనిషి, ఖాళీకి మూత పెట్టాడు. ఆ బురద కాగితం ఒక్కదాన్ని మాత్రం ఆమె వెనకవైపు అక్షరాలు దిద్దలేదు. ఎందుకో దాని మీద చెయ్యి ఆడలేదు.

మాటలు వినిపిస్తున్నాయి, మూడో గుర్తు దాటారు. గది గోడకు ఆనించి పెట్టిన రాయి మీద గుడ్డ కప్పి ఉంది. దాని మీద ఏం చెక్కారో ఆమెకు తెలుసు, కొండచెవి, పన్నెండు గుర్తుల బాటసారి. ఇవాళ ఆమె చేత్తోనే గుడ్డ తీయించి చప్పట్లు కొడతారు. సంతకం పెట్టకపోతే రాయి వెనక్కి పోతుంది, కింద కొట్టు దగ్గర జనం కొండచెవి కాదురా, కొండ మీద కుర్చీ అని నవ్వుతారు, గది తాళం గార్డు చేతికి వెళ్తుంది. పెడితే ఏం పోతుంది, నాలుగు గుర్తుల అడవి. ఆమె అడవా అది? తను కట్టించిందా, నాటిందా? చచ్చినవాడి పరువు పెద్దదా, బతికిన చెట్టు పెద్దదా అని ఏ సభలోనైనా అడిగితే నలుగురూ గంగిరెద్దుల్లా తలలూపి ఏదో ఒకటి తేలుస్తారు, ఇక్కడ అడిగేవాళ్ళు లేరు, పొయ్యి, కెటిల్, కాగితం. అప్పుడు కింది నుంచి, మూడో గుర్తు వైపు నుంచి, ఖాళీ పంజరం అన్న ఆ అడవిలోంచి, ఒక్కసారి వినిపించింది. ఛీ. కాస్త ఆగి, ఛీఛీ. ఎవర్ని అంటున్నావే అని ఆమె పైకే అంది. డాక్టర్నా, చచ్చినవాణ్ణా, నన్నా. పిట్ట ముగ్గుర్నీ విడదీయలేదు.

ఆమె గదిలోకి వెళ్ళి రేకుపెట్టె తెరిచి అడుగు కట్ట తీసుకుంది. చుక్కలు పెట్టిన చోటు వదిలేసి కాగితం వెనక్కి తిప్పింది. నీళ్ళు ఒకసారి మరిగాయి. రెండోసారి మరిగేలోగా వాళ్ళు వచ్చేశారు.

"ఏం పిన్నీ, పెట్టేశావా?" అన్నాడు డాక్టరు, చెట్టుకు ఆనుకుని ఆయాసపడుతూ. "సంతకం తిప్పలైతే వేలిముద్ర అయినా ఫరవాలేదు."

"ముందువైపు చాల్లేదండీ. వెనకవైపు రాశాను."

"అదేంటి?"

ఆమె కాగితం ఆయనకు ఇవ్వలేదు, ఆఫీసరమ్మకు ఇచ్చింది, కట్టతో సహా. "తప్పులుంటాయమ్మా, మన్నించాలి. పైన బురద కాగితం ఉంది, ముందు అది చూడండి."

ఆఫీసరమ్మ నిలబడే చదివింది. ఆవిడ పెదాలు అక్షరాల వెంట నెమ్మదిగా కదిలాయి, ఆమె రాత అంత నెమ్మదిగానే చదవాలి మరి. పిట్టలు ఎక్కలేదు. మా ఆయన ఎక్కలేదు. నాలుగో గుర్తు దాకా వచ్చి ఈ రాయి మీద కూర్చుని రాసేవాడు. ఆయన మోకాలు తొమ్మిదో గుర్తు దగ్గర విరిగింది. అంతకుముందు రాసినవి నిజం. ఇవి ఆ కాగితాలు. మీ పెట్టెల లెక్కతో సరిచూసుకోండి.

చదివి ఆవిడ కాగితం డాక్టరుకు అందించింది. ఆయన చదివాడు. బల్లరాయి వంక చూశాడు, గుడ్డ కప్పిన రాయి వంక చూశాడు, ఇరవై మూడేళ్ళలో మొదటిసారి ఆమె వంక చూశాడు.

"మోకాలా?" అన్నాడు. "ఏ మోకాలు?"

"కుడిది," అంది ఆమె, కెటిల్ దించుతూ.

ఇట్లు,
కెటిల్ పిన్ని, వయసు అరవై ఒకటి. ఇప్పుడు ఉండేది మొదటి గుర్తు వెనక, నర్సమ్మ ఇంటి వసారాలో. తడిక జరిపితే అడవే.